బిల్లుకు ఒకటి, ఇంటికి ఒకటి: క్యాన్సర్ కోసం అదనపు పాలసీ ఎంచుకునే ముందు

క్యాన్సర్ పాలసీ అమ్మడానికి వచ్చినవారు సాధారణంగా ‘ఎన్ని లక్షలకు తీసుకుంటారు’ అని అడుగుతారు. కొనేవారు అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. ఇంట్లో ఒకరికి ఆ జబ్బు వస్తే ఏ ఖర్చు ఆసుపత్రి బిల్లులోకి ఎక్కుతుంది, ఏ ఖర్చు ఏ బిల్లులోకీ ఎక్కకుండా ఇంటి డబ్బుతోనే గడవాలి? ఈ లెక్క తెలియకపోవడం వల్లే, మామూలు ఆరోగ్య బీమా లేని కుటుంబాలు క్యాన్సర్‌కు మాత్రమే పనికొచ్చే పాలసీ కొనుక్కోవడమూ, పది లక్షల ఆరోగ్య బీమా ఉన్న కుటుంబాలు వైద్యం నడుస్తుండగానే అప్పులపాలు కావడమూ జరుగుతున్నాయి.

క్యాన్సర్ నిర్ధారణ కాగానే చేతికి కొంత నగదు ఇచ్చే పాలసీ, అసలు ఆరోగ్య బీమాకు తోడుగా పుట్టింది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో కొలంబస్ నగరం కేంద్రంగా మొదలైన అఫ్లాక్ కంపెనీ 1958లోనే ఇలాంటి పాలసీ అమ్మింది. ఆసుపత్రి ఖర్చు చూసుకోవడానికి వేరే బీమా ఉంటుంది, అది వదిలేసిన భాగానికీ ఆగిపోయిన జీతానికీ ఇది ఆసరా అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. మన దగ్గర ఆ ‘తోడు’ అన్న మాట జారిపోయి, కొందరు దీన్ని అసలు బీమాకు బదులుగా అమ్ముతున్నారు. అందువల్ల ఈ వ్యాసంలో క్యాన్సర్ పాలసీని ఒంటరిగా చూడకుండా, మన రాష్ట్రాల్లోని కుటుంబానికి అందుబాటులో ఉన్న మిగతా దారుల పక్కన పెట్టి చూద్దాం.

ఖర్చు ఎటు పోతుంది

రొమ్ము క్యాన్సర్‌నే తీసుకుందాం. బయాప్సీ, స్కాన్లు అయ్యాక చాలామందికి 21 రోజులకొకసారి చొప్పున ఆరు నుంచి ఎనిమిది కీమోలు ఇస్తారు. వాటికి ముందో తరువాతో ఆపరేషన్ ఉంటుంది. ఆపైన, మన ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే రేడియేషన్ వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు నడుస్తుంది. గడ్డ హెర్-2 పాజిటివ్ రకమైతే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు మూడు వారాలకొకటి చొప్పున దాదాపు ఏడాది పాటు సాగుతాయి. హార్మోన్ రకమైతే ఐదు నుంచి పదేళ్ల వరకు రోజూ ఇంట్లో మాత్ర వేసుకోవాలి.

ఇందులో ఆపరేషన్, కీమో, రేడియేషన్, ఇంజెక్షన్లు ఆసుపత్రి బిల్లు కింద వస్తాయి. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే కీమోను కూడా ‘డే కేర్’ వైద్యంగా పరిగణిస్తారు కనుక, 24 గంటలు మంచం మీద ఉండలేదన్న కారణంతో ఆరోగ్య బీమా దాన్ని కాదనదు. మిగిలిన ఖర్చు వేరే తరహాది. ఖమ్మం నుంచో శ్రీకాకుళం నుంచో పెద్ద ఆసుపత్రికి పదేపదే రావడం, రేడియేషన్ నడిచే వారాల్లో అక్కడే గది అద్దెకు తీసుకోవడం, తోడున్నవారు పని మానుకోవడం, బిల్లులో ‘చెల్లించరానివి’ అని కొట్టేసే గ్లవ్స్, సిరంజిల వంటి వస్తువులు, వైద్యం ముగిశాక ఏళ్ల తరబడి పరీక్షలు, మాత్రలు. అన్నింటికన్నా పెద్దది, సంపాదించే మనిషికే జబ్బు వస్తే నెలనెలా ఆగిపోయే ఆదాయం. మా బంధువుల ఇంట్లో ఒకరికి వైద్యం జరిగినప్పుడు మా వదిన ఒక నోటు పుస్తకంలో ఎడమ పేజీ మీద ఆసుపత్రి ఖర్చూ, కుడి పేజీ మీద పై ఖర్చూ రాసుకుంటూ వచ్చింది. ఆరు నెలలు తిరిగేసరికి ఎడమ పేజీల్లో చాలా భాగం బీమా కంపెనీ తీర్చింది కానీ, కుడి పేజీలను ఆమె పుస్తెల గొలుసు తీర్చింది.

ఆ పుస్తకంలోని రెండు పేజీలకూ రెండు రకాల పాలసీలున్నాయి. బిల్లు ఎంతైతే అంత తీర్చేవి ఒక రకం, బిల్లుతో పని లేకుండా ముందే ఒప్పుకున్న మొత్తాన్ని ఇచ్చేవి రెండో రకం. ఒకే బిల్లును మొదటి రకం పాలసీలు రెండూ పూర్తిగా చెల్లించవు, ఒకటి తీర్చగా మిగిలినదే రెండోది చూస్తుంది. రెండో రకానివి ఎన్ని ఉన్నా, షరతులు నెరవేరితే, దేని డబ్బు దానిదే.

ఏ కొలతలతో చూడాలి

ముందుగా, డబ్బు ఎప్పుడు, ఎవరి చేతికి వస్తుందో చూడాలి. ఆసుపత్రికి నేరుగా వెళ్లే డబ్బుతో ఇంటి అద్దె కట్టలేము.

రెండోది వెయిటింగ్ పీరియడ్, అంటే పాలసీ మొదలయ్యాక ఎన్నాళ్లకు అది పనిచేస్తుందన్నది. సాధారణ ఆరోగ్య బీమాలో మొదటి 30 రోజులు, పెద్ద జబ్బు నిర్ధారణ కాగానే నగదు ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీల్లో ఎక్కువగా 90 రోజులు, క్యాన్సర్ పాలసీల్లో తరచుగా 180 రోజులు ఉంటుంది. ఆ గడువులో జబ్బు బయటపడితే నగదు పాలసీలు చాలా వరకు ఏమీ ఇవ్వకుండా అక్కడితో ముగుస్తాయి. ఏదైనా గడ్డ తగిలిందనో రక్తం పడిందనో అనుమానం వచ్చాక హడావిడిగా కొనే పాలసీ ఎందుకూ కొరగాదు.

మూడోది, ఏ దశలో ఎంత ఇస్తారన్నది. ఎక్కువ అపోహలు ఇక్కడే ఉన్నాయి కనుక దీని గురించి కింద వివరంగా రాశాను.

నాలుగోది, ప్రీమియం ఎన్నేళ్లు ఒకేలా ఉంటుందన్నది. జీవిత బీమా కంపెనీలు అమ్మే కొన్ని క్యాన్సర్ పాలసీల్లో ప్రీమియం తొలి ఐదేళ్లకే ఖాయం, ఆపైన సవరించే హక్కును కంపెనీ తన దగ్గరే ఉంచుకుంటుంది. ఆరోగ్య బీమాలో వయసు మెట్లు ఎక్కే కొద్దీ ప్రీమియం పెరుగుతుంది. అరవై దాటాక కట్టలేక మానేసే పాలసీ, సరిగ్గా అవసరం వచ్చే వయసులో చేయి వదిలేసినట్టే.

ఐదోది ఉద్యోగంతో, ఊరితో సంబంధం. ఉద్యోగం పోతే పోయే రక్షణ ఏది, ఫలానా ఆసుపత్రుల్లోనే పనిచేసే రక్షణ ఏది అన్నది విడిగా గుర్తుపెట్టుకోవాలి.

ప్రభుత్వ పథకాలు

అర్హత ఉన్నవారు ముందు తమకు ఉన్నదేమిటో తెలుసుకోవాలి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో గరిష్ఠ పరిమితి 25 లక్షలకు చేరింది, 2024లో పథకం పేరు ఎన్‌టీఆర్ వైద్య సేవగా మారింది. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి 5 లక్షలు, 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల రక్షణ ఉంది. ఈ చివరిది సొంత ఇల్లు, పెన్షన్ ఉన్న పెద్దలకూ వర్తిస్తుందని చాలామందికి ఇంకా తెలియదు. పిల్లలు విదేశాల్లో ఉండి తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా ఉన్న ఇళ్లలో ముందుగా చేయవలసిన పని ఈ కార్డు తీసుకోవడం.

ఈ పథకాల బలం ఏమిటంటే ప్రీమియం లేదు, పాత జబ్బు అన్న అభ్యంతరం లేదు, వెయిటింగ్ పీరియడ్ లేదు. పరిమితి ఏమిటంటే చికిత్సలన్నీ ముందే రాసుకున్న ప్యాకేజీల ప్రకారం నడుస్తాయి, పథకం వర్తించే ఆసుపత్రికే వెళ్లాలి. కొత్తగా వచ్చిన ఖరీదైన మందు ప్యాకేజీలో లేకపోతే అది సొంత ఖర్చే. పథకం తరఫున ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను మొదటి రోజే కలిసి, వైద్యుడు రాసిన చికిత్స ప్యాకేజీలో ఎంతవరకు వస్తుందో అడిగి తెలుసుకోవడం మంచిది. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలోని టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటివి ఉండటం వల్ల బిల్లు భారం చాలా మందికి మోయగలిగేలా తగ్గుతుంది. కుడి పేజీ ఖర్చు మాత్రం అలాగే ఉంటుంది. అందువల్ల ఆరోగ్యశ్రీ కార్డు ఉన్న కుటుంబానికి, కాస్త ప్రీమియం కట్టే శక్తి ఉంటే, రెండో ఆరోగ్య బీమా కన్నా చిన్న నగదు పాలసీ ఎక్కువ ఉపయోగపడే సందర్భాలున్నాయి. బీమా సలహాదారులు సాధారణంగా చెప్పేదానికి ఇది విరుద్ధంగా కనిపించవచ్చు, కానీ లెక్క వేస్తే నాకు ఇలాగే తేలింది.

ఆరోగ్య బీమా, దాని పైన సూపర్ టాప్-అప్

బిల్లు తీర్చే విషయంలో దీనికి సాటి వచ్చేది లేదు. క్యాన్సర్‌కే కాక గుండెపోటుకూ డెంగీకీ ప్రమాదానికీ పనిచేస్తుంది. అయితే పాలసీ పత్రంలో క్యాన్సర్ వైద్యానికి సంబంధించి మూడు చోట్ల వేలు పెట్టి చదవాలి.

మొదటిది గది అద్దె పరిమితి. పరిమితికి మించిన గదిలో చేరితే, అద్దెలో తేడా ఒక్కటే కాకుండా డాక్టరు ఫీజు వంటి ఇతర ఖర్చుల్లోనూ అదే నిష్పత్తిలో కోత పడవచ్చు. రెండోది కొత్త తరహా చికిత్సల ఉప పరిమితి. మాత్రల రూపంలో ఇచ్చే కీమో, ఇమ్యునోథెరపీ (శరీరంలోని రోగనిరోధక శక్తినే జబ్బు మీదికి మళ్లించే వైద్యం), రోబోటిక్ శస్త్రచికిత్స వంటివాటిని పూర్తిగా మినహాయించకూడదని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది, కానీ వాటికి పరిమితి పెట్టుకునే వెసులుబాటు కంపెనీలకు ఉంది. ఇరవై లక్షల పాలసీలో ఇమ్యునోథెరపీకి ఐదు లక్షలే అని రాసి ఉంటే, ఆ చికిత్స దాకా అది ఐదు లక్షల పాలసీయే. మూడోది ఆసుపత్రి నుంచి వచ్చాక ఎన్ని రోజుల వరకు మందులకు చెల్లిస్తారన్నది. 60 రోజులా, 180 రోజులా అన్న తేడా, ఇంట్లో వేసుకునే ఖరీదైన మాత్రల విషయంలో లక్షల తేడా కావచ్చు.

మూల పాలసీ మొత్తం సరిపోదనుకుంటే ఇంకో పెద్ద పాలసీ కొనడం కన్నా సూపర్ టాప్-అప్ చవక. మీరో మూల పాలసీయో ముందుగా భరించాల్సిన ఐదు లక్షల డిడక్టిబుల్‌తో ఇరవై లక్షల సూపర్ టాప్-అప్ తీసుకుంటే, ఏడాదిలో అన్ని బిల్లులూ కలిపి ఐదు లక్షలు దాటాక అది చెల్లించడం మొదలుపెడుతుంది. పేరులో ‘సూపర్’ ఉందో లేదో తప్పక చూసుకోవాలి. వట్టి టాప్-అప్ పాలసీ ఒక్కొక్క ఆసుపత్రి చేరికను విడిగా లెక్కిస్తుంది. కీమో బిల్లులు ఒక్కొక్కటీ లక్ష, లక్షన్నర చొప్పున ముక్కలుగా వస్తాయి కనుక ఆ గడప దాటడమే కష్టమవుతుంది. క్యాన్సర్ విషయంలో ఈ ఒక్క పదం విలువ చాలా పెద్దది.

ఉద్యోగులకు కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా మొదటి రోజు నుంచే పనిచేస్తుంది, తరచుగా తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. కానీ దీర్ఘకాలం వైద్యం తీసుకునే మనిషి ఉద్యోగం మానుకోవలసి వచ్చే అవకాశం ఎక్కువ, ఉద్యోగంతో పాటే ఆ రక్షణా పోతుంది. మానేముందు అదే బీమా కంపెనీలోని వ్యక్తిగత పాలసీకి మారే వీలు గురించి రాతపూర్వకంగా అడగాలి. ఇక పన్ను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంల మీద జీఎస్టీ లేదు, అంతకు ముందు 18 శాతం ఉండేది. సొంత పాలసీ వాయిదా వేస్తూ వచ్చినవారికి ఆ సాకు పోయింది.

క్రిటికల్ ఇల్‌నెస్: ‘చివరి దశలోనే ఇస్తారు’ అన్న మాటలో నిజమెంత

ఇది విడి పాలసీగానూ, టర్మ్ బీమాకు (మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమాకు) జోడించే రైడర్‌గానూ దొరుకుతుంది. జాబితాలో ఉన్న పెద్ద జబ్బుల్లో ఏది నిర్ధారణ అయినా, ఒప్పుకున్న మొత్తాన్ని ఒకేసారి చేతికి ఇచ్చి ముగుస్తుంది. క్యాన్సర్ పాలసీ అమ్మేవారు దీని మీద వేసే నింద ఒకటుంది: ఇది జబ్బు ముదిరితే గాని ఇవ్వదని. ఈ మాటను జాగ్రత్తగా విడదీయాలి.

వైద్యులు చెప్పే ‘మొదటి దశ’ వేరు, పాలసీ రాసే ‘తొలి దశ’ వేరు. క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీల్లో ‘నిర్దిష్ట తీవ్రత గల క్యాన్సర్’ అన్న నిర్వచనాన్ని ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకేలా ఖరారు చేసింది. దాని ప్రకారం, ప్రాణాంతక కణాలు పుట్టిన పొరను దాటి చుట్టుపక్కల ఆరోగ్యకరమైన కణజాలంలోకి చొచ్చుకుపోయినట్టు బయాప్సీలో తేలితే చాలు. అంటే పొరను దాటిన రొమ్ము గడ్డ చిన్నదే అయినా, వైద్యుడు ‘మొదటి దశలోనే పట్టుకున్నాం’ అని ధైర్యం చెప్పినా, పూర్తి మొత్తం రావాలి.

ఈ నిర్వచనం వదిలేసేవి ఏవంటే, పుట్టిన పొర దాటని కార్సినోమా ఇన్ సైటు, మెలనోమా కాని చర్మ క్యాన్సర్లు, రెండు సెంటీమీటర్లకు మించకుండా థైరాయిడ్ గ్రంథికే పరిమితమైన గడ్డలు, తీవ్రతను కొలిచే గ్లీసన్ స్కోరు 6 దాటని తొలి ప్రోస్టేట్ క్యాన్సర్, లోపలి పొరకే పరిమితమైన కొన్ని మూత్రాశయ గడ్డలు, దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్లో ‘రాయ్’ దశల లెక్క ప్రకారం మూడో దశకు చేరనివి మొదలైనవి. వీటిలో చాలా వాటికి వైద్యం తక్కువ కాలంలో ముగుస్తుంది, అందుకే వాటిని పక్కన పెట్టారు. అయినా థైరాయిడ్ గ్రంథి తీసేయించుకుని జీవితాంతం మాత్ర మింగవలసిన ముప్ఫై ఏళ్ల మహిళకు ఈ తర్కం ఊరట ఇవ్వదు.

లోటుపాట్లు ఇంకా ఉన్నాయి. జబ్బు నిర్ధారణ అయ్యాక ఇన్ని రోజులు జీవించి ఉండాలన్న షరతు చాలా పాలసీల్లో ఉంటుంది, అది 30 రోజుల దాకా ఉండవచ్చు. రైడర్ ‘యాక్సిలరేటెడ్’ రకమైతే, జబ్బుకు ఇచ్చిన మొత్తాన్ని తరువాత కుటుంబానికి రావలసిన టర్మ్ బీమాలోంచి తగ్గిస్తారు. కోటి రూపాయల టర్మ్ మీద పాతిక లక్షలు ఇలా తీసుకుంటే మిగిలేది డెబ్బై ఐదు లక్షలు. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్న ఇంట్లో అదనపు మొత్తంగా ఇచ్చే రైడర్ కొంచెం ఖరీదైనా అదే నయం.

క్యాన్సర్‌కు మాత్రమే ఉండే పాలసీ

ఎల్ఐసీ 2017 నవంబరులో తెచ్చిన క్యాన్సర్ కవర్‌ను నమూనాగా తీసుకుంటే ఈ తరహా పాలసీ నిర్మాణం అర్థమవుతుంది. బీమా మొత్తం 10 లక్షల నుంచి 50 లక్షల వరకు. వెయిటింగ్ పీరియడ్ 180 రోజులు. పాలసీ జాబితాలోని తొలి దశ క్యాన్సర్ నిర్ధారణ అయితే మొత్తంలో 25 శాతం ఇచ్చి, మూడేళ్ల ప్రీమియం మాఫీ చేస్తారు. పెద్ద దశ అయితే అప్పటికి ఇచ్చింది పోను మిగతా మొత్తం ఒకేసారి ఇచ్చి, ఆపైన బీమా మొత్తంలో ఒక శాతం చొప్పున నెలనెలా పదేళ్లు చెల్లిస్తారు, తరువాతి ప్రీమియంలన్నీ మాఫీ. ప్రైవేటు కంపెనీల పాలసీలూ శాతాల్లో, వెయిటింగ్ పీరియడ్‌లో తేడాలతో ఇంచుమించు ఇదే అచ్చులో ఉంటాయి.

క్రిటికల్ ఇల్‌నెస్ వదిలేసిన తొలి దశకు కొంతైనా ఇవ్వడం దీని మొదటి మేలు. నెలవారీ ఆదాయం ఇచ్చే రకమైతే అది రెండో మేలు, నా దృష్టిలో అసలు మేలు ఇదే. ఒకేసారి చేతికొచ్చిన పది లక్షలు బంధువుల బాకీలకూ ఆగిన ఇంటి వాయిదాలకూ చెల్లిపోయే ఇళ్లలో, నెలకు పదివేలు పదేళ్లు రావడం కుటుంబాన్ని నిలబెడుతుంది. పదేళ్లలో ఆ పదివేల విలువ తగ్గిపోతుందన్నది నిజమే, అయినా క్రమం తప్పని రాబడికి ఉన్న బలం వేరు.

అదే బీమా మొత్తానికి క్రిటికల్ ఇల్‌నెస్ కన్నా దీని ప్రీమియం తక్కువగా ఉండటం సహజం, ఎందుకంటే ఒక్క జబ్బుకే పూచీ. దీని పెద్ద లోపం కూడా అదే. గుండెపోటు వచ్చినా, పక్షవాతం వచ్చినా, మూత్రపిండాలు చెడినా ఇది కదలదు. మధుమేహం, రక్తపోటు ఇంటింటా ఉన్న మన సమాజంలో ఒక్క క్యాన్సర్‌కే కాపలా పెట్టడానికి గట్టి కారణం ఉండాలి.

రోజుకు ఇంత అని ఇచ్చే హాస్పిటల్ క్యాష్ పాలసీలను కూడా కొందరు ఈ వరుసలో చూపిస్తారు. అవి ఆసుపత్రిలో పడుకున్న రోజులను లెక్కిస్తాయి, క్యాన్సర్ వైద్యమేమో ఎక్కువ భాగం పడుకోకుండానే సాగుతుంది. కీమో రోజులకు చెల్లిస్తామని స్పష్టంగా రాసి ఉంటే తప్ప వాటి గురించి ఆలోచించనక్కర్లేదు.

| చూడవలసినది | ప్రభుత్వ పథకం | ఆరోగ్య బీమా + సూపర్ టాప్-అప్ | క్రిటికల్ ఇల్‌నెస్ | క్యాన్సర్ పాలసీ |
|---|---|---|---|---|
| డబ్బు ఎవరికి | ఆసుపత్రికి | ఆసుపత్రికి, లేదా బిల్లు చూపితే మీకు | మీ చేతికి | మీ చేతికి |
| వెయిటింగ్ పీరియడ్ | లేదు | 30 రోజులు. పాత జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు | ఎక్కువగా 90 రోజులు | తరచుగా 180 రోజులు |
| పొర దాటని తొలి దశ | ప్యాకేజీలో ఉంటే చికిత్స | చికిత్స బిల్లు | సాధారణంగా ఏమీ రాదు | మొత్తంలో కొంత భాగం |
| ఇతర పెద్ద జబ్బులు | ఉన్నాయి | ఉన్నాయి | జాబితాలోనివి | లేవు |
| ఆగిన ఆదాయానికి | పనికిరాదు | పనికిరాదు | ఒకేసారి మొత్తం | మొత్తం, కొన్నిటిలో నెలవారీ కూడా |
| ముఖ్యమైన చిక్కు | నిర్ణీత ఆసుపత్రులు, ప్యాకేజీలు | గది అద్దె, ఉప పరిమితులు, వయసుతో పెరిగే ప్రీమియం | జీవించి ఉండవలసిన గడువు | ఒక్క జబ్బుకే |

ఎవరికి ఏది

ఇంట్లో ఎవరికీ ఆరోగ్య బీమా లేక, ప్రభుత్వ పథకానికీ అర్హత లేని మధ్యతరగతి కుటుంబానికి సలహా ఒక్కటే. క్యాన్సర్ పాలసీ మాట పక్కన పెట్టి, మొదట కుటుంబ ఆరోగ్య బీమా, వీలైతే సూపర్ టాప్-అప్ తీసుకోవాలి.

ముప్ఫైల్లో ఉన్న ఉద్యోగి, తన జీతం మీదే ఇల్లు నడుస్తోంది, ఇంటి రుణం ఉంది అనుకుందాం. కంపెనీ బీమా ఉన్నా సొంతంగా చిన్న మూల పాలసీ ఉంచుకుని, నగదు కోసం క్రిటికల్ ఇల్‌నెస్‌నే ఎంచుకోవడం మేలు, ఎందుకంటే ఏ పెద్ద జబ్బు వచ్చినా ఆగేది అదే జీతం. తల్లికీ మేనత్తకీ రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చిన కుటుంబంలోని స్త్రీకి మాత్రం లెక్క మారుతుంది. ఆమె క్యాన్సర్ పాలసీని గట్టిగా పరిశీలించవచ్చు. అయితే కుటుంబ చరిత్రను దరఖాస్తులో అడుగుతారు, దాన్నిబట్టి ప్రీమియం పెంచవచ్చు లేదా కాదనవచ్చు. అందుకే జన్యు పరీక్షలకూ ఇతర పరీక్షలకూ వెళ్లడానికి ముందే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే పాలసీ తీసుకోవడం తెలివైన పని.

సొంత కొట్టు నడుపుకునేవారు, కౌలు రైతులు, ఆటో డ్రైవర్లు, టైలర్ల వంటివారికి సెలవు జీతం ఉండదు. వైద్యం ఆరోగ్యశ్రీలో జరిగినా ఆ నెలల తిండి ఖర్చు ఎవరూ ఇవ్వరు. వీరికి నెలవారీ ఆదాయం ఇచ్చే చిన్న క్యాన్సర్ పాలసీ గాని, తక్కువ మొత్తపు క్రిటికల్ ఇల్‌నెస్ గాని సరిపోతుంది. పొగాకు, గుట్కా, ఖైనీ అలవాటు ఉన్నవారు ఆ విషయం దాచి పాలసీ తీసుకుంటే, నోటి క్యాన్సర్ వచ్చిన రోజున పాత కేసు షీటులో వైద్యుడు రాసిన ఒక్క వాక్యంతో క్లెయిమ్ పోతుంది.

అరవై ఐదు దాటిన తల్లిదండ్రులకు కొత్తగా నగదు పాలసీ కొనడం చాలా వరకు గిట్టుబాటు కాదు. సంపాదన ఆగే ప్రశ్న వారికి లేదు. ఆ ప్రీమియం డబ్బును విడిగా పొదుపు చేసి, వారి ఆరోగ్య బీమాను గడువు తప్పకుండా పునరుద్ధరించడం, డెబ్బై నిండగానే ఆయుష్మాన్ కార్డు తీసుకోవడం మంచిది.

ఎంత మొత్తానికి

ఇక్కడ వేసేది ఊహా లెక్క, మీ అంకెలు మీరు పెట్టుకోండి. ఖమ్మంలో కొట్టు నడిపే ఒకరి ఇంటి ఖర్చు నెలకు 40 వేలు, కొట్టు ఏడాదిన్నర మూతపడుతుంది అనుకుంటే 7 లక్షల 20 వేలు. హైదరాబాద్‌లో ఎనిమిది నెలలు గది అద్దె 12 వేల చొప్పున 96 వేలు. రాకపోకలకు ఏడాది పాటు నెలకు 6 వేల చొప్పున 72 వేలు. బీమా చూడని మందులు, పరీక్షలకు ఏడాదికి లక్షా 20 వేలు. మొత్తం 10 లక్షల 8 వేలు. ఆ ఇంటికి పది లక్షల నగదు పాలసీ సరైన కొలత. యాభై లక్షలకు ప్రీమియం కట్టి మూడేళ్లకు మానేయడం కన్నా, పది లక్షలకు కట్టి పాతికేళ్లు నిలుపుకోవడం మేలు.

క్యాన్సర్ పాలసీలో ఆ పది లక్షలకు తొలి దశలో వచ్చేది రెండున్నర లక్షలే. అయితే ఆ దశలో పని ఆగేదీ కొద్ది వారాలే కనుక, దాన్ని లోపంగా లెక్కించనక్కర్లేదు.

దరఖాస్తు, క్లెయిమ్

ఏజెంటు నింపిన దరఖాస్తు మీద సంతకం పెట్టి ఇచ్చేయడం మనలో బాగా పాతుకుపోయిన అలవాటు. ప్రతి ప్రశ్నకూ మీరే చదివి జవాబు రాయాలి, పాత ఆపరేషన్లు, గడ్డలు, వాడుతున్న మందులు అన్నీ చెప్పాలి. ఆరోగ్య పాలసీ అరవై నెలలు విరామం లేకుండా కొనసాగితే, మోసం నిరూపిస్తే తప్ప పాత విషయం దాచారన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదని 2024లో నిబంధన వచ్చింది. అయితే క్యాన్సర్ ఆ అరవై నెలలు ఆగి వస్తుందన్న హామీ లేదు. పాలసీ పత్రం అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా నచ్చకపోతే వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. ఆ నెలలో మినహాయింపుల పేజీ ఒక్కటైనా నెమ్మదిగా చదవాలి.

క్లెయిమ్ వేళ నగదు పాలసీకి కీలకమైన కాగితం బయాప్సీ నివేదిక, దాని మీద ఉన్న తేదీ. బిల్లుల అసలు ప్రతులను ఆరోగ్య బీమా కంపెనీ తీసుకుంటుంది కనుక, ఇచ్చే ముందే అన్నింటికీ ఆసుపత్రి ముద్రతో నకళ్లు తీయించి నగదు పాలసీ కోసం ఉంచుకోవాలి. పాలసీ ఉందన్న సంగతి ఇంట్లో ఇంకొకరికైనా తెలిసి ఉండాలి.

ఇప్పటికే జబ్బు నిర్ధారణ అయినవారికి, అదే జబ్బుకు నగదు ఇచ్చే కొత్త పాలసీ దొరకదు. ఎవరైనా ఇప్పిస్తామంటే అది మోసం. అలాంటి ఇంట్లో చేయగలిగినవి వేరు. ఉన్న ఆరోగ్య బీమాను ఒక్క రోజు కూడా తప్పకుండా పునరుద్ధరించాలి, వైద్యం నడుస్తుండగా కంపెనీ మార్చే ఆలోచన పెట్టుకోకూడదు. ప్రభుత్వ పథకానికి అర్హత ఉందేమో ఆరోగ్యమిత్రతో చూపించుకోవాలి. ఆదాయపు పన్నులో పాత విధానం ఎంచుకున్నవారు క్యాన్సర్ వైద్యానికి సొంతంగా చేసిన ఖర్చు మీద 40 వేల వరకు, రోగి సీనియర్ సిటిజన్ అయితే లక్ష వరకు మినహాయింపు అడగవచ్చు. దానికి నిపుణుడైన వైద్యుడు రాసిచ్చిన పత్రం కావాలి, బీమా తిరిగి ఇచ్చిన మొత్తాన్ని అందులోంచి తీసివేయాలి. వైద్యం ముగిసి కొన్నేళ్లు గడిచినవారికి కొత్త ఆరోగ్య బీమా ఇచ్చే కంపెనీలు ఇప్పుడు ఉన్నాయి. ప్రీమియం ఎక్కువ, షరతులు గట్టివి, అయినా అడిగి చూడటానికి డిశ్చార్జి సమ్మరీ నుంచి చివరి స్కాన్ దాకా ప్రతి కాగితమూ ఒకే ఫైలులో వరుసగా ఉండాలి.